ముట్టుకున్నవారిదే సరుకు

1978 జూన్ 12న నేను కొత్తపేట ప్రాంతంలోని ఒక పంచాయతీ సమితిలో ముఖ్యసేవికగా చేరాను. ఇప్పటివాళ్లకు ఈ పేరు కొత్త కాబట్టి చెప్తాను. మండలాలు రాకముందు సమితులు ఉండేవి. సమితికి అధికారి బి.డి.ఓ. ఆయన కింద వ్యవసాయానికి, పశువులకు, సహకార సంఘాలకు తలా ఒక విస్తరణాధికారి. ఆడవాళ్లకూ పిల్లలకూ సంబంధించిన పనంతా ముఖ్యసేవికది. ఆమెకు సాయంగా గ్రామసేవికలు. కాగితం మీద నాకు ఇద్దరు గ్రామసేవికలు. ఒకావిడ పురిటి సెలవులో ఉంది, రెండో ఆవిడ బదిలీ ప్రయత్నంలో కాకినాడలో ఉంది. జీపు బి.డి.ఓ. గారిది. నాకు బస్సు, రేవు దాటడానికి పంటు, మిగతాదానికి కాళ్లు.

ఆ ఏడాది మాకు గృహవృత్తుల పథకం ఒకటి వచ్చింది. ఇల్లు కదలకుండా పని చేసుకోగల ఆరుగురు ఆడవాళ్లను ఎంపిక చేసి, శిక్షణ ఇప్పించి, పనిముట్టు కొనిపెట్టాలి. పైనుంచి వచ్చిన జాబితాలో నాలుగు వృత్తులు ఉన్నాయి: కుట్టుపని, కొబ్బరిపీచు తాళ్లు, సుద్దముక్కలు, అప్పడాలు పచ్చళ్లు. నాలుగున్నా బి.డి.ఓ. గారి లెక్కలో ఒకటే. కుట్టుమిషన్లు ఆరూ అప్పటికే లారీలో వచ్చి సమితి వరండాలో గోనెలు కప్పుకుని నిలబడి ఉన్నాయి.

“మిషను తొక్కుతున్న ఆడమనిషిని ఫొటో తీయిస్తే పని జరుగుతోందని ఎవరికైనా తెలుస్తుందమ్మా. పచ్చడి జాడీని ఫొటో తీయిస్తే ఏం తెలుస్తుంది?” అన్నారాయన.

ఆ మాటకు ఎదురు చెప్పడానికి నాకు అప్పటికి తగినంత సర్వీసు లేదు. వృత్తిని ఎంచుకోవడం అనే ఘట్టం ఆ విధంగా లారీ ఆగిన రోజే ముగిసింది.

ఎంపికైన ఆరుగురిలో ఐదో పేరు కామేశ్వరి. కాలవ గట్టున ఉన్న ఒక అగ్రహారంలో ఆమె ఇల్లు. ఊరి పేరు రాయను, వాళ్లు ఇంకా ఉన్నారు. ఆమె భర్త ఘనపాఠి. అంటే వేదాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పగల చదువు చదివినవాడు. పెళ్లిళ్లకూ యజ్ఞాలకూ వెళ్తే సంభావనలు వచ్చేవి, ఇల్లు గడిచేది. 1977లో గొంతులో వ్రణం లేచి, పెద్దాసుపత్రిలో కోయించుకున్నాక ఆయనకు మాట పోయింది. గొంతు ఉన్నన్నాళ్లూ నాలుగిళ్ల అవతలికి వినిపించిన మనిషి పలకా బలపం పట్టుకున్నాడు. చదువంతా చెవుల ద్వారానే వచ్చింది కాబట్టి ఆయన దస్తూరీ ఒకటో తరగతి పిల్లాడిలా ఉండేది.

వాళ్లకు అరెకరం పొలం, ఆరు కొబ్బరిచెట్లు. బియ్యానికి లోటు లేదు. ఉప్పుకీ మందులకీ పిల్లల బట్టలకీ డబ్బు లేదు. ఘనపాఠి గారి అన్న విశ్వనాథం గారు రాజమండ్రిలో గవర్నమెంటు ఆఫీసులో హెడ్డు గుమస్తా. ఆయన కబురు పెట్టారు: దసరాకి వస్తాను, అందరూ సర్దుకుని ఉండండి, ఇక మా ఇంట్లోనే ఉందురుగాని. మంచి మాటే. కాకపోతే వాళ్ల వంటావిడ మానేసిన నెలలోనే ఆ మాట వచ్చింది.

“అన్నం పెడతారండీ, కాదన్ను,” అంది కామేశ్వరి నాతో. “వండేది నేనే గదండీ, పెట్టకేం చేస్తారు? ఇక్కడ పొయ్యి నాదండీ. అక్కడికెళ్తే వాళ్ల పొయ్యి దగ్గర నేను.”

కాబట్టి వ్యవధి దసరా దాకా. ఆలోగా నెలకు ఇంత అని డబ్బు కళ్లబడితే ఉంటారు. లేకపోతే తలుపుకు తాళం.

ఇక ఆ ఇంటికి అసలు అధికారిని పరిచయం చెయ్యాలి. ఘనపాఠి గారి తల్లి. ఆమె భర్త సోమయాగం చేసినవాడు కనుక ఊరంతా ఆమెను సోమిదేవమ్మ గారనేవారు. నాలుగున్నర అడుగుల మనిషి. ఆమె మడి కట్టుకుంటే గాలి కూడా పక్కనుంచి వెళ్లేది. మడి అంటే స్నానం చేసి, విడిగా ఆరేసిన బట్ట కట్టుకుని, వంటా పూజా ముగిసేదాకా ఎవరినీ దేన్నీ తాకకుండా ఉండడం. తాకితే మళ్లీ స్నానం. నేను మామిడికుదురు దగ్గర కొబ్బరికాయలు వలిచేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. నాకు వీధి అరుగు మీద చాప వేసేవారు. నేను ఆ ఇంటికి పదిహేను నెలలు తిరిగాను. ఒక్కసారీ గడప దాటమనలేదు, నేనూ అడగలేదు.

జులైలో శిక్షణ మొదలైంది, ఆగస్టు మొదటి వారంలో మిషను బండిలో వెళ్లింది. కామేశ్వరి చేతి పని శుభ్రం. గ్రామంలో జాకెట్లు కుట్టేవాళ్లు వేరే లేరు. నా అంచనాలో ఆరుగురిలో మొదట సంపాదించేది ఆమే. మూడు వారాల తరువాత వెళ్లి చూస్తే మూడు జాకెట్లు కుట్టింది. నాలుగోది ఒంటి చేతితో ఉంది.

బద్ధకమేమో అని ఒక రోజు పొద్దున్నే వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా కామేశ్వరి మడిలో ఉంది. వంట ఆమెది, ఆ బట్టతో మిషను దగ్గరికి రాకూడదు. భోజనాలయ్యాక మడి విప్పి మిషను ముందు కూర్చుంది. ఇంతలో ఎవరో వచ్చి ఆది జాకెట్టు ఇచ్చారు, అంటే కొలతకు ఇచ్చే పాత జాకెట్టు. ఊళ్లోవాళ్ల ఒంటి మీది బట్ట. అది ముట్టుకున్నందుకు, రాత్రి వంటకు వెళ్లే ముందు మళ్లీ తలమీదుగా స్నానం. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ ఇంట్లో సూది పట్టకూడదు. ఏకాదశి నాడు కత్తెర కూడదు. మిగిలిన వేళల్లో పాపం ఎంత కావాలంటే అంత కుట్టుకోవచ్చు.

“జాకెట్టుకి రెండు రూపాయలండీ, స్నానాలు మూడు,” అంది కామేశ్వరి. ఆమెకు జలుబు చేసి ఉంది.

నేను సోమిదేవమ్మ గారితో మాట్లాడాను. గుమ్మం లోపల ఆమె, బయట నేను.

“మిషను వద్దన్నానా తల్లీ? అరుగు మీద చోటిచ్చేను. పళ్లెం పెట్టి పసుపు కూడా రాసేను,” అన్నారు.

“చోటు ఇచ్చేరండీ, టైము ఇవ్వలేదు.”

“టైము నాదా? సూర్యనారాయణమూర్తిది.”

ఆ రోజు తిరిగి వస్తుంటే పెరట్లో నులకమంచం మీద పాత పంచె పరిచి అప్పడాలు ఆరేసి ఉన్నాయి. పెరటి పక్క సందులోంచి వెళ్తూ కంచె మీదుగా చూశాను. ఉల్లిపొర అంత పల్చగా, ఒకే కొలతలో ఉన్నాయి. ఎవరు ఒత్తారని అడిగితే పెరట్లో ఉన్న కామేశ్వరి, “ఇంట్లోకండీ. మడిలో ఉన్నప్పుడు పప్పు ఉడికేలోగా ఒత్తేస్తాను,” అంది.

మడిలో ఉన్నప్పుడు అన్న మాట నా చెవిన పడింది. మేము ఆమెకు మడి బయట దొరికే పని ఇచ్చాం. ఆ ఇంట్లో మడి బయట టైమే లేదు. మడి లోపల మాత్రం తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది, చేతులు ఖాళీ అవుతూనే ఉంటాయి.

అడ్డం మళ్లీ సోమిదేవమ్మ గారే. “ఇది అన్నం అమ్ముకునే ఇల్లు కాదమ్మా,” అన్నారు. వేదం చదివిన కుటుంబాలు వండిన పదార్థం అమ్మకూడదని వాళ్ల నియమం.

“అప్పడం అన్నం కాదు గదండీ అత్తయ్యగారూ,” అంది లోపలినుంచి కామేశ్వరి.

“పప్పు కాదా? ఉప్పు లేదా? తడి తగల్లేదా?”

వ్యవహారం ఘనపాఠి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆ పూటంతా ఆలోచించారు. ఆయనను ఎవరూ ఏదీ అడగక ఏడాది దాటింది. అందుకని తొందరపడలేదు. సాయంత్రం పలక మీద రాసి చూపించారు: ‘నిప్పు తగలలేదు. సరుకే. వేయించి అమ్మితే తప్పు.’ తల్లి చదివించుకుని, “అయితే వేయించినవాడిదా పాపం?” అని అడిగారు. ఆయన తల ఊపారు. పలక తుడిచి కింద మరో మాట రాశారు: ‘ఇంగువ చాలటం లేదు.’

వృత్తి మార్చాలంటే బి.డి.ఓ. గారి అనుమతి కావాలి, కారణం రాయాలి. ‘ఇంటి వేళలకు అనుకూలం’ అని రాశాను. ఆయన దాని పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టారు. మిషనును పక్క ఊళ్లో రెండు నెలలుగా అడుగుతున్న ఒకావిడకు మార్పించి, అక్కడ ఆవిడ తొక్కుతుండగా ఫొటో తీయిస్తానన్నాక సంతకం పెట్టారు.

ఇక సరుకు కొనేవాళ్లు కావాలి. బస్టాండు దగ్గర భోజన హోటలు నడిపే సత్తిరాజుని తీసుకెళ్లాను. లావుపాటి మనిషి, బేరంలో గట్టివాడు. అరుగు మీద అరిటాకులో వంద అప్పడాలు దొంతిగా పెట్టి ఉన్నాయి. వంద ఎనిమిది రూపాయలని ముందే చెప్పాను. సోమిదేవమ్మ గారు గుమ్మంలో నిలబడ్డారు.

సత్తిరాజు పై అప్పడం తీశాడు. వాసన చూశాడు, వంచి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు. తిరిగి దొంతి మీద పెట్టి, “బాగానే ఉన్నాయండీ. ఇంకో రెండు చోట్ల చూసి చెప్తానండీ,” అన్నాడు.

“అయ్యో, ముట్టుకున్నారే బాబూ!” అన్నారు సోమిదేవమ్మ గారు.

“ఆయ్. ముట్టుకోకుండా ఎలా చూస్తామండీ?”

“చూడాల్సిందే. ఇక అవి మీవే.”

“నావేంటండీ?”

“మడితో చేసినవి బాబూ. మీరు ముట్టుకున్నాక మేం తినం, దేవుడికి పనికిరావు, లోపలికి తీసుకెళ్లలేం. మరెవరివి?”

“నేను ముట్టుకుంది ఒకటే గదండీ!”

“అది మిగతావాటిని ముట్టుకుంది గదా.”

సత్తిరాజు నా వైపు చూశాడు. నేను ఎదురింటి కొబ్బరిచెట్టు వైపు చూశాను. అతను కాసేపు గొణిగి ఎనిమిది రూపాయలు అరుగు మీద పెట్టాడు. వాటిని కామేశ్వరి చెంబుడు నీళ్లు చల్లి తీసుకుంది. డబ్బుకు మాత్రం నీళ్లు సరిపోయేవి.

“వేయించే పాపం మీదే బాబూ, ముందే చెప్తున్నాను,” అన్నారు సోమిదేవమ్మ గారు.

“ఆ పాపం మాకలవాటేనండీ,” అన్నాడు సత్తిరాజు.

దారిలో నన్ను తిట్టాడు. ఎనిమిదో రోజున తనే వచ్చాడు. హోటల్లో అవి అడిగి వేయించుకుంటున్నారట. అరుగెక్కుతూనే దొంతి మీద అరచెయ్యి ఆనించి, “ఇదిగోండి, ముట్టేసుకున్నాను. ఇంకో రెండొందలు ఎప్పుడిస్తారో చెప్పండి,” అన్నాడు. ఆ వీధిలో బేరం ఆ రోజుతో ఆ పద్ధతిలో స్థిరపడింది. పరీక్షకని వేలు పెట్టినవాడు మొత్తం కొనాలి. కొనని వాడు దూరంగా నిలబడి ఇంగువ వాసన పీల్చుకోవచ్చు, దానికి డబ్బు లేదు. నేను మాత్రం ఆ అరుగు మీద కూర్చున్నన్నాళ్లూ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. అప్పుడు నా జీతం కోతలు పోను మూడు వందల పదహారు. పొరపాట్లకు చాలదు.

ఆ మడి మీద నా అభిప్రాయం దాచుకోలేదు. ఒక రోజు సోమిదేవమ్మ గారిని అడిగేశాను.

“మీ మడి నాలాంటివాళ్లని తరతరాలుగా అరుగు మీదే కూర్చోబెట్టిందండీ. ఇప్పుడు దాంతోనే బేరం చేస్తున్నారు.”

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. “నన్ను మటుకు ఎక్కడ కూర్చోబెట్టింది తల్లీ? యాభై ఏళ్లుగా ఆ వంటింట్లో. నువ్వు సాయంత్రం బస్సెక్కి వెళ్తావు,” అన్నారు.

ఆ సాయంత్రం నేను బస్సెక్కే వెళ్లాను.

దసరా వచ్చింది. అప్పటికి కామేశ్వరి వారానికి మూడు వందల అప్పడాలు ఇస్తోంది. పప్పు, నూనె, ఇంగువ ఖర్చు పోను సగానికి కాస్త పైగా మిగులుతోంది. ఐదుగురు దీంతో బతకరు. కానీ బియ్యం ఇంట్లో ఉన్నవాళ్లకు పై ఖర్చులు వెళ్తాయి. కామేశ్వరికి ఉండాలని ఉంది. ఘనపాఠి గారు అన్నగారి మాటకు ఎదురు రాయరు. సోమిదేవమ్మ గారు ఏమనుకుంటున్నారో ఎవరికీ తెలియదు. పెద్దకొడుకు రమ్మంటే వెళ్లక తప్పుతుందా అని రెండుసార్లు నాతోనే అన్నారు. ట్రంకు పెట్టె దింపించి దులిపించారు కూడా. కామేశ్వరి అది చూసి ఆ రోజు పిండిలో జీలకర్ర వెయ్యడం మరిచిపోయింది.

విశ్వనాథం గారు విజయదశమికి ముందు రోజు వచ్చారు. మూడు నెలలకోసారి పంపే నివేదిక కోసం ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. సత్తిరాజుకి వెళ్లాల్సిన మూడు వందలూ అరుగు మీద, అరిటాకులో మూడు దొంతులుగా ఉన్నాయి. ఆయన బస్సు దిగి, చెమటతో, సంచీ లేకుండా, గొడుగుతో వచ్చారు. నన్ను చూశారు, దొంతుల్ని చూశారు. పలకరింపులు ఏమీ లేవు.

“వేదం చెప్పిన అరుగు మీద అప్పడాల దుకాణమా అమ్మా?” అన్నారు.

సోమిదేవమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు.

“మా ఆఫీసులో తెలిస్తే నేను తలెత్తుకుంటానా? రాజమండ్రిలో మీకు ఏం తక్కువవుతుంది? మధ్యాహ్నం బస్సుకే బయల్దేరండి. ఇవన్నీ ఇక్కడే పారేసి...” అంటూ ఆయన వంగి మొదటి దొంతిని రెండు చేతులతో ఎత్తి పక్కకు జరిపారు. అది వెళ్లి రెండో దొంతికి ఆనింది. రెండోది మూడోదానికి.

తలుపు వెనక కామేశ్వరి గాజుల చప్పుడు ఆగిపోయింది.

“విశ్వం, స్నానం చేశావుట్రా?” అన్నారు సోమిదేవమ్మ గారు.

“ఇప్పుడే గదే బస్సు దిగేను.”

“అయితే మూడొందలు. ఇరవైనాలుగు రూపాయలు.”

ఆయనకు అర్థం కాలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది, ఇక్కడ సరుకు ముట్టుకున్నవాళ్లు కొనాలండీ అని. ఆయన నవ్వారు. తల్లి నవ్వలేదు.

“నేను నీ కొడుకునే!”

“కొడుకువి గనకే మంచినీళ్లిస్తాను. తగ్గించడానికి అది నా సొమ్ము కాదు, నీ మరదలి సొమ్ము.”

“అమ్మా, నేను మిమ్మల్ని తీసుకెళ్దామని వచ్చేను.”

“వచ్చేవు. ముట్టుకున్నవి తీసుకెళ్లు. మమ్మల్నింకా ముట్టుకోలేదు గదా, ఇక్కడే ఉంటాం.”

అరుగు చివర కూర్చున్న ఘనపాఠి గారు అప్పుడు పలక తీశారు. ఆయన తన అన్నకు ఎదురు రాయరని అందరం అనుకున్నాం. ఆయన రాసింది ఎదురూ కాదు: ‘సంచీ ఉందా అన్నయ్యా?’

లేదు కాబట్టి కామేశ్వరి పాత పంచె ముక్కలో మూట కట్టి గుమ్మం బయట పెట్టింది. విశ్వనాథం గారు డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. చిల్లర లేదంటే నా దగ్గర తీసుకున్నారు. భోజనం చేశారు. వండింది కామేశ్వరి, వడ్డించింది కామేశ్వరి, ఆ విషయం ఆయన గమనించారో లేదో తెలియదు. మధ్యాహ్నం బస్సుకు ఒక్కరే, అప్పడాల మూటతో వెళ్లారు. సత్తిరాజుకి ఆ వారం సరుకు రెండు రోజులు ఆలస్యమైంది. కారణం విని అతను కోపం మానేసి పక్కింటివాళ్లకు చెప్పడానికి వెళ్లాడు.

విశ్వనాథం గారు వెళ్లాక సోమిదేవమ్మ గారు ట్రంకు పెట్టె తెప్పించి, కడిగించి, అందులో మినప్పప్పు పోయించారు. ఎలుకలు కొట్టవని. పెట్టె దింపించింది వెళ్లడానికా, పప్పుకా అని నేను అడగలేదు. అడిగినా ఆమె చెప్పే మనిషి కాదు. రాజమండ్రి కోడలికి అప్పడాలు నచ్చి కార్తీకంలో ఇంకో వంద పంపమని కబురు చేస్తే, “డబ్బు ముందు,” అన్నారు.

ఆ ఆరు మిషన్లలో ఏడాది తిరిగేసరికి రెండే తిరుగుతున్నాయి. ఒకటి మేనల్లుడి పెళ్లికి వెళ్లి రాలేదు. ఒకదాని మీద రేడియో పెట్టారు. మిగతా రెండిటి కథ రాస్తే ఇప్పటికీ కొందరికి కష్టంగా ఉంటుంది. కామేశ్వరి అప్పడాలు మాత్రం నేను 1979 సెప్టెంబరులో రాజోలు వైపు బదిలీ అయ్యేనాటికి నాలుగు హోటళ్లకు వెళ్తున్నాయి. ఎర్ర ప్రశ్నార్థకం పెట్టిన బి.డి.ఓ. గారు తన నివేదికలో ఆ వృత్తి మార్పును ‘మా సూచన మేరకు’ అని రాసుకున్నారు. అది ఆ కుర్చీకి అలవాటు, నేను పట్టించుకోలేదు.

ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఇంటి దగ్గర ఏదైనా పని మొదలుపెడతానని వచ్చిన ఆడమనిషిని నీకేం వచ్చు అని నేను ముందు అడగలేదు. చాలామందికి చాలా వచ్చు. పొద్దుటినుంచి ఏ గంట ఎవరిది, ఆ గంటలో నీ చేతులు ఎక్కడ ఉంటాయి, గుమ్మంలో ఎవరు నిలబడతారు అని అడిగేదాన్ని. ఇల్లు ఖాళీ షెడ్డు కాదు. మనం పని పట్టుకెళ్లకముందే అక్కడ ఒక పని నడుస్తూ ఉంటుంది, దానికొక అధికారి ఉంటుంది. కొత్త పని ఆ పాత పనిలో ఇమడాలి, ఆ అధికారికి అందులో తనకొక హోదా కనపడాలి. పనిముట్టు సమితి ఇస్తుంది, శిక్షణ సమితి ఇస్తుంది. ఆ గుమ్మంలో మనిషి ఒప్పుకోలు మాత్రం ఏ పథకంలోనూ మంజూరు కాదు. దాన్ని సంపాదించాకే మిగతావి లారీ ఎక్కించాలి.